అరువు నడక

గ్దాన్‌స్క్‌లో ట్రాము మలుపు తిరిగే చోట
సెల్లారులో మా గది.
కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది.
అందులోంచి చూస్తే లోకమంతా కాళ్ళే.

నా పని బంతులు అతికించడం.
రేగ్గింజలంత ఉంటాయి, వెండి పూత.
మడమకొకటి, మోకాలికొకటి,
భుజాలకీ మణికట్లకీ నుదుటికీ,
మొత్తం ముప్పై తొమ్మిది.
కెమెరాలకి మనిషి కనపడడు, ఆ చుక్కలే.
వచ్చినవాళ్ళని చుక్కలు చేసి
చుక్కలు కలిపి మళ్ళీ మనిషిని చేస్తాను,
ముగ్గు పెట్టినట్టు.

కింగాకి పందొమ్మిదేళ్ళు, పరుగు పందేల పిల్ల.
కళ్ళజోడు తగిలించి, లోపలి అద్దంలో
ఎనభై ఏళ్ళ ముసలమ్మని చూపించాం.
ఈమె చెయ్యెత్తితే ఆమె ఎత్తింది.
అది నువ్వే అని ఎవరూ చెప్పలేదు.
నాలుగో నిమిషానికి అడుగు జానెడు తగ్గింది.
లేని మెట్టు దిగడానికి లేని గోడ పట్టుకుంది.
బయటికొచ్చి పగలబడి నవ్వింది గానీ
కోటు బొత్తాలు పెట్టుకోవడానికి
చాలాసేపు పట్టింది.

బక్క అకౌంటెంటు ఒకడికి కమ్మరి ఒళ్ళిచ్చాం.
పోతూ పోతూ తలుపులోంచి పక్కకి తిరిగి వెళ్ళాడు,
పట్టనేమోనని.

పరకాయ ప్రవేశం కథల్లో
రాజు చిలకలో దూరినా రాజే.
ఒళ్ళొక్కటే చిలకది.
చిలక రాజులో ఎంత దూరిందో
ఆ కథలు చెప్పినవాళ్ళు కొలవలేదు.
మా దగ్గర ఆ లెక్క డిగ్రీల్లో ఉంది.

వీటోల్డ్ గారు ఫిబ్రవరిలో వచ్చారు.
డెబ్బై మూడేళ్ళు. ఓడల రేవులో క్రేను నడిపిన మనిషి.
మీరిచ్చే కూపన్ల కోసమే వచ్చానన్నారు, దాచుకోకుండా.
ముందు సొంత నడక రికార్డు చెయ్యాలి, అది నియమం.
"ఏమీ ఆలోచించకండి, మామూలుగా నడవండి."
గది చివర, ఏమీ లేని చోట,
తల వంచి, నడుం మడిచి, మళ్ళీ లేచారు.
తిరిగొచ్చే ప్రతిసారీ అంతే.
రాసుకున్నాను: పొరపాటు, మళ్ళీ తీయాలి.

తర్వాత కొంగనిచ్చాం.
ఇక్కడి భాషలో కొంగకీ క్రేనుకీ ఒకటే పేరు.
ఆ రోజు మాకెవరికీ అది తట్టలేదు.

మొదట తిట్టారు, కాళ్ళు వెనక్కి విరిచేశారని.
పదో నిమిషానికి
మోకాలు పొట్టదాకా లేపి
కాసేపు ఆగి
నీళ్ళు చెదరకుండా పాదం దించుతున్నారు.
గదిలో నీళ్ళెక్కడివి, కార్పెట్టు.
మెడ ముందుకి సాగింది.
చేతులు వాటంతటవే వీపు మీద ముడుచుకున్నాయి.
ఊపిరి సన్నబడిన సంగతి బంతులు చెప్పలేదు,
నేను విన్నాను.

వింతగా అనిపించిందా అని అడిగాను.

"ముప్పై ఒక్క ఏళ్ళు నాకు నలభై మీటర్ల చెయ్యి ఉండేదమ్మా.
ఇక్కడ మీట కదిపితే
అక్కడెక్కడో కొక్కెం ఊగేది. ఊగడం ఆగేదాకా
ఊపిరి బిగబట్టేవాణ్ణి.
రాత్రి దుప్పటి లాక్కోవాలన్నా
కింద మనుషులున్నారేమోనని చూసి లాక్కునేవాణ్ణి.
యాద్విగా నవ్వేది.
క్యాబిన్ తలుపు మరీ పొట్టి. వంగకపోతే బొప్పే."

ఆయన వెళ్ళాక ఉదయం ఫైలు తెరిచాను.
నల్ల తెర మీద ముప్పై తొమ్మిది చుక్కలు
నడిచి, వంగి, దేంట్లోనో దూరి, వెనక్కొచ్చి
మళ్ళీ నడిచి, వంగి.
ఇప్పుడు కొంగని దేనితో పోల్చి కొలవను?
సొంతం అని రాసిన గడిలోనూ
అరువు ఒళ్ళే తిరుగుతోంది.
ఆ క్రేనుని తొమ్మిదేళ్ళ కిందటే తుక్కు కింద అమ్మేశారట.
తలుపు మాత్రం ఇంకా పొట్టిగానే ఉంది.

పొరపాటు అన్న మాట కొట్టేశాను.
దాని బదులు ఏం రాయాలో తెలియలేదు.

ట్రాముకి ఇంకా టైముంది.
కిటికీలో మంచు, మంచులో ఆయన బూట్లు.
ఒకటి లేచింది.
చాలాసేపు కనపడలేదు.
మంచు చెదరకుండా దిగింది.

ట్రాము వచ్చింది. ఎక్కేటప్పుడు
తల వంచారో లేదో
నా కిటికీకి అంత ఎత్తు లేదు.